కగోషిమాలో శుక్రవారం

జీవరత్నం టీ గ్లాసు కింద పెట్టి చొక్కా చేతులు పైకి మడిచాడంటే, ఇక ఆ పూట ఎవరూ లేచి ఇంటికి వెళ్ళరని గుర్తు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ముందు కుడిచెయ్యి మడిచాడు, తర్వాత ఎడమచెయ్యి. గోడకి ఆనుకుని కునుకు తీద్దామనుకున్న రాజనర్సు అది చూసి, తలకింది దిండు తీసి ఒళ్ళో పెట్టుకుని బాసింపట్టు వేసుకున్నాడు.

అది దోహాలో, నజ్మా అనే పేటలో, మా అమ్మాయి తెరెసా ఉండే మేడ మీది గది. తెరెసా ఆసుపత్రిలో నర్సు. దానికి కాన్పయితే సాయానికని నేను రాజోలు నుంచి వచ్చాను. మా వాళ్ళకి ఇక్కడ ఆరాధన శుక్రవారం. వచ్చిన కొత్తలో నాకది మింగుడు పడలేదు. ఆదివారం పొద్దున్నే తలంటుకుని తెల్లచీర కట్టుకుని కూర్చుంటే, తెరెసా డ్యూటీకి బయల్దేరుతూ నన్ను చూసి ఒకటే నవ్వు. ఈ దేశానికి సెలవు శుక్రవారం గనక దేవుడికీ అదే ఆదివారం అని సర్దుకున్నాను. చర్చి ఊరి చివరెక్కడో ఉంది, మాకు దూరం. ఈ గదిలోనే పాటలు, ప్రార్థన, ఆ పైన బిర్యానీ, ఆ పైన జీవరత్నం.

జీవరత్నం మా రాజోలు వాడే. అల్ హిలాల్‌లో కాపురముండే ఒక జపాను ఇంజనీరు దగ్గర డ్రైవరు. రాజనర్సుది జగిత్యాల వైపు పల్లె, సెంట్రింగ్ పని, కూలీల క్యాంపులో ఉంటాడు. ప్రార్థనకి రాడు, బిర్యానీకి వస్తాడు. వస్తూనే, "అవ్వా, మీ దేవునికి ఒక దండం, మీ బిర్యానికి రెండు దండాలు" అని గుమ్మంలోనే చెప్పేస్తాడు. మంచివాడు. జీవరత్నం మాటల్ని తుంచడానికి వాడొక్కడే సరిపోతాడు.

ఇక దేవకుమారి. జీవరత్నం భార్యకి అక్కకూతురు. అదే జపాను వాళ్ళింట్లో పిల్లని చూసుకునే ఆయా. ఆ రోజు అది బిర్యానీ కెలికి వదిలేసింది. ఎందుకంటే, ఆ ఇంటి మేడం నిండు నెలలకి దగ్గర పడుతోంది. పురిటికి పుట్టింటికి వెళ్ళడం వాళ్ళలోనూ ఉందట, నాకు భలే ఆశ్చర్యమేసింది. పెద్దపిల్లని ఎత్తుకుని దేవకుమారిని కూడా రమ్మంది. వాళ్ళ ఊరు కగోషిమా. వస్తే మూడు నాలుగు నెలలు అక్కడ, మళ్ళీ అందరూ కలిసి ఇక్కడికి. రాకపోతే ఇల్లు ఖాళీ అయిపోతుంది, సారుకి కంపెనీ గెస్ట్‌హౌసు, దేవకుమారికి ఇంటి టికెట్టు. ఏ సంగతీ శనివారం పొద్దున్న చెప్పమంది. అంటే రేపే.

వెళ్తానని చెప్పడానికి దానికి ధైర్యం లేదు. దోహా వచ్చి రెండేళ్ళవుతోంది, అల్ హిలాల్ నుంచి పక్కనే ఉన్న నజ్మాకి ఒక్కసారి కూడా ఒంటరిగా నడిచి రాలేదు. జీవరత్నం కారులో తెస్తాడు, కారులో దింపుతాడు. అలాంటి పిల్ల జపాను వెళ్ళడమా. వద్దనే చెప్పేస్తానండీ మామ్మగారూ అని వంటగదిలో నాతో మెల్లిగా అంది. ఆ మాట జీవరత్నం చెవిన పడిందో లేదో నాకు తెలీదు. టీ గ్లాసు మాత్రం కింద పెట్టాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదండి పిన్నిగారూ, మీకు తెలుసు గదా," అన్నాడు నాకేసి చూసి. "ఏదో ఆ కగోషిమాలో ఒక పూట బజారు చుట్టూ కాళ్ళీడ్చుకుంటూ నడిచేను. అంతే. అదో గొప్ప కాదు."

తెరెసా పిల్లాడి పక్కబట్టలు మడతపెడుతున్నది ఆగిపోయి, జపాను ఎప్పుడెళ్ళావన్నయ్యా అని అడిగింది. మొన్న వేసవిలో నేను ఇంటికెళ్ళేనని మీరంతా అనుకున్నారు చూడండి, అప్పుడు అన్నాడు. మరి రాజోలు నుంచి అమ్మ పెట్టిన ఆవకాయ తెచ్చిచ్చావు గదా అంది. వచ్చేటప్పుడు దారిలో దిగి తెచ్చేనన్నాడు. రాజనర్సు అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు గాని జీవరత్నం పట్టించుకోలేదు. ఇక్కణ్ణించి వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"సారు వాళ్ళ నాన్నగారి కారులో ఏదో చప్పుడు. కారు వాళ్ళ దేశంలో చేసిందే, చేసినవాళ్ళే వచ్చి చూసేరు, చప్పుడు ఎక్కడిదో దొరకలేదు. అప్పుడు సారు, మా జీవరత్నం చెవి పెడితే దొరుకుతుందని నన్ను తీసుకెళ్ళేరు. నేను కారెక్కేను, చెవి పెట్టేను, సీటు కింద ఒక గోళీ దొర్లుతోంది, తీసి చేతిలో పెట్టేను. ఆ సంగతి వదిలెయ్యండి, అది చిన్నది. మర్నాడు శుక్రవారం. సెలవు గదా, సారు పడుకున్నారు, ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకేమో కోనసీమ కాళ్ళు, ఊరుకోవు. చెప్పులేసుకుని బజారు చూద్దామని బయటపడ్డాను. వీధిలో ట్రాము వెళ్తోంది, రోడ్డు మధ్యలో పట్టాల మీద ఒంటిపెట్టె రైలు, గంట కొట్టుకుంటూ. డ్రైవరు ఎక్కమని పిలిచేడు. నేను ఎక్కలేదు. ఊరిని నడిచి చూడాలి గాని కూర్చుని చూస్తే అది ఊరు కాదు, సినిమా.

"రోడ్డు దాటుదామని నిలబడ్డాను. ఎర్రదీపం. ఇటు బండి లేదు, అటు బండి లేదు, ఈగ కూడా లేదు. అయినా జనం ఒక్కడు కదిలితే ఒట్టు. పచ్చదీపం వచ్చింది, స్తంభంలోంచి పిట్ట కూసింది. ఆ కూత కళ్ళు లేనివాళ్ళకి, దాటొచ్చని చెప్పడానికి. ఎదురుగా ఒక ముసలాయన వస్తూ నాకు నడుం వంచి దణ్ణం పెట్టేడు. మర్యాదలో మనం తగ్గుతామా. నేనూ వంగేను. ఆయన ఇంకాస్త వంగేడు. నేను ఇంకాస్త. ఈలోగా ఎర్రదీపం పడింది, ట్రాము ఆగింది, డ్రైవరు దిగి మా ఇద్దరికీ వంగేడు. డ్రైవరు వంగితే ఎక్కినవాళ్ళు కూర్చుంటారా, వాళ్ళూ దిగి వంగేరు. పోలీసు వచ్చేడు, ఆయనా వంగేడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరు ఊరంతా వంగే ఉంది, ముందు లేచినవాడికి మర్యాద తక్కువని ఎవడూ లేవడు."

ఎట్ల లేచిర్రన్నా మరి, ఇంకా గట్లనే ఉన్నరా అని అడిగాడు రాజనర్సు.

"నాకు తుమ్మొచ్చింది," అన్నాడు జీవరత్నం తొణక్కుండా. "నేను లేచేను. అప్పుడు ఊరు లేచింది."

నేను నవ్వీ నవ్వీ పమిట నోటికడ్డం పెట్టుకున్నాను, ఒళ్ళో పిల్లాడు లేస్తాడని. దేవకుమారి నవ్వలేదు. గ్లాసు అంచు వేలితో రుద్దుతూ, భాష రాకుండా దారి ఎలా అడిగారు బాబాయ్ అని మాత్రం అడిగింది.

"అదే చెప్తున్నా అమ్మడూ. అక్కడ దారి అడిగితే దారి చెప్పరు. తోడొస్తారు. నేను ఒక కొట్టాయన్ని సైగలతో అడిగేను. ఆయన కొట్టు వదిలేసి నాతో బయల్దేరేడు. కాస్త దూరం పోయేసరికి ఆయనకీ అనుమానం వచ్చి ఇంకొకాయన్ని అడిగేడు. ఆయనా తోడొచ్చేడు. ఆయన ఒక పువ్వులమ్మే ఆవిణ్ణి అడిగేడు. ఆవిడ బుట్టతో సహా వచ్చింది. నాలుగు వీధులు తిరిగేసరికి నా వెనకాల పెళ్ళి ఊరేగింపంత జనం. బ్యాండొక్కటే తక్కువ. ఇంతకీ నేనడిగిందేంటంటే, పిన్నిగారూ ఏవనుకోకండి, ఒంటేలుకి ఎక్కడికెళ్ళాలని."

తెరెసా పక్కబట్టలు వదిలేసి కూలబడిపోయింది. ఆ నవ్వులో దేవకుమారి మళ్ళీ ఏదో అంది, ఎవరికీ వినపడలేదు, నాకొక్కదానికే వినపడింది. బోర్డులు చదవడం రాదు గదా అంది. అది ఇంగ్లీషు అక్షరాలు కూడా కూడబలుక్కునే పిల్ల.

ఆ మాటకి నేనే జవాబు చెప్పాల్సి వచ్చింది. బోర్డులు చదవలేకపోతే ఊరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెద్దదాన్నయ్యేదాకా నాకు అక్షరం రాదు. రాజోలు బజారులో బెల్లం కొట్టు వాసనబట్టి, బట్టల కొట్టు తలుపు రంగుబట్టి, మందుల కొట్టు అక్కడి కుర్చీబట్టి వెళ్ళేదాన్ని. అక్షరాలు వచ్చాక చూస్తే తేలింది, నేను ఒక్కసారి కూడా తప్పు కొట్టుకి వెళ్ళలేదని. ఇది చెప్పాను. జీవరత్నం వెంటనే అందుకున్నాడు.

"అదీ మాట. నేనూ వాసనబట్టే వెళ్ళేను. కాల్చిన చిలగడదుంప వాసన. ఆ ఊళ్ళో చిలగడదుంప మన ఊళ్ళో కొబ్బరికాయ లాంటిది, అన్నిట్లో అదే. ఆ వాసన పట్టుకుని వెళ్తే బజారొచ్చింది. బజారంటే ఎలాంటి బజారు? వీధికి కప్పు. ఇటు కొట్లు, అటు కొట్లు, మధ్యలో వీధి, పైన అద్దాల కప్పు. ఒక్క వీధికి కాదు, దానికి అడ్డంగా పోయే వీధికీ కప్పే, దాని పక్క సందుకీ కప్పే. ఎందుకో తెలుసా? అక్కడ ఆకాశం నుంచి బూడిద పడుతుంది."

రాజనర్సు చెయ్యి ఎత్తాడు. "అన్నా. వాన పడ్డది అను, ఒప్పుకుంట. రాళ్ళు పడ్డయి అను, ఒప్పుకుంట. బూడిదేంది?"

"ఊరి ఎదురుగా సముద్రం. సముద్రంలో కొండ. ఆ కొండ పొద్దస్తమానం పొగ తాగుతుంది, మీ ఫోర్‌మన్ లాగ. తాగి బూడిద ఊరి మీద దులుపుతుంది. దానికి ఆడవాళ్ళు గొడుగులు వేసుకుని పోతారు. ఇంటిముందు పడ్డ బూడిద ఊడ్చి పెట్టడానికి మున్సిపాలిటీ వాళ్ళే ఇంటింటికీ పచ్చరంగు సంచులిస్తారు, పసుపుపచ్చ. సంచి నింపి వీధి చివర పెడితే లారీ వచ్చి తీసుకుపోతుంది."

ఇక రాజనర్సుకి ఆపుకోవడం చేతకాలేదు. దిండులో మొహం పెట్టి నవ్వాడు. బూడిదకి మున్సిపాలిటీ సంచులా, మా జగిత్యాలల చెత్తకే దిక్కులేదు అని, మళ్ళీ నవ్వాడు. తెరెసా కూడా, అన్నయ్యా ఇది మరీ ఎక్కువైంది, ఒక సంచి తగ్గించుకో అంది. నేనూ నమ్మలేదు. వంగిన ఊరునైనా కాస్త నమ్మాను గాని బూడిద సంచుల్ని నమ్మలేకపోయాను.

జీవరత్నం చేతులు ఇంకో మడత పైకి మడిచాడు.

"ఆ కప్పు కింద నడుస్తున్నాను. ఒకావిడ వీపున చంటిపిల్లాణ్ణి గుడ్డతో కట్టుకుని పోతోంది. తెల్లగా, గుండ్రంగా, బొద్దుగా ఉన్నాడు పిల్లాడు. మన పిన్నిగారి ఒళ్ళో ఉన్నాడే, వీడికి రెండింతలు. నాకు పిల్లలంటే ప్రాణం గదా. వెనకాలే నడుస్తూ జోల పాడేను. పిల్లాడు పలకడు. ముద్దొచ్చి బుగ్గ గిల్లేను. బుగ్గ గట్టిగా ఉంది. ఇదేంటి, పిల్లాడికి ఒంట్లో బాలేదేమోనని ముందుకెళ్ళి చూస్తే పిల్లాడికి మొహం లేదు, నెత్తిన ఆకులున్నాయి. ముల్లంగి. పిన్నిగారూ, ఒట్టేసి చెప్తున్నా, ముల్లంగి. ఆ కొండ కింద బూడిదమట్టిలో పండుతుంది. ఇద్దరు మనుషులు ఎత్తాలి. ఆవిడ నన్ను చూసి నవ్వి, ముచ్చటపడ్డావు గదా అని దాన్ని విప్పి నా చేతుల్లో పెట్టేసింది. కాళ్ళు ఇలా వంగిపోయాయి."

ముల్లంగికి అందరం ఒకేసారి నవ్వాం. పిల్లాడు లేచి ఏడ్చాడు. జీవరత్నం వాణ్ణి తీసుకుని భుజాన వేసుకుని, అటూ ఇటూ నడుస్తూనే చెప్పుకుపోయాడు. నడక చెప్పేటప్పుడు నడుస్తూ చెప్పడం వాడికీ బాగుంది, పిల్లాడికీ బాగుంది.

"ఇంతలో పన్నెండు కొట్టింది. కొట్లన్నీ గబగబా మూసేసేరు. నాలుగింటి దాకా మళ్ళీ తెరవరు గదా. ఆ కప్పు కింద నేను, నా ముల్లంగి. ఏం చెయ్యను. ఆకలి."

అన్నం దొరుకుతుందా బాబాయ్ అక్కడ, అంది దేవకుమారి. ఈసారి తలెత్తి అడిగింది.

"అన్నమే అమ్మడూ. పొద్దున అన్నం, రాత్రి అన్నం. కాస్త ముద్దగా ఉంటుంది, చంటిపిల్లలకి పెట్టే అన్నంలాగ. చేపలు మన గోదారి చేపల్లాగే. కారం ఒక్కటే ఉండదు. అది మనం పట్టుకెళ్ళాలి. నా దగ్గర మీ పిన్ని కట్టిచ్చిన చింతపండు, ఎండుమిరపకాయలు జేబులో ఉన్నాయి. అక్కడ వీధికో వేణ్ణీళ్ళ స్నానాలశాల. అక్కడికెళ్ళి ఒక గంగాళం అడిగేను. వడ్రంగిని పిలిచి ముల్లంగిని రంపంతో కోయించేను. పులుసు పెట్టేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసన ఆ కప్పు కింద బయటికి పోవడానికి దారిలేక వీధులెంట తిరిగింది. మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒకడు గిన్నె, ఒకడు గ్లాసు, ఒకావిడ పూలకుండీ కడిగి తెచ్చింది. పుల్లలతో తినబోయేరు, పులుసు పుల్లకి ఆగుతుందా. నేను చెయ్యి చూపించేను. బజారు మొత్తం పుల్లలు పారేసి చేత్తో కలుపుకుని జుర్రుకుంది. కారానికి కళ్ళంట నీళ్ళు, అయినా మళ్ళీ వెయ్యమని వంగి వంగి దణ్ణాలు.

"సరిగ్గా అప్పుడు కొండ ఉరిమింది. బూడిద. మామూలు బూడిద కాదు, పట్టపగలు చీకటి. కప్పు లేని వీధిలో మనిషికి మనిషి కనపడ్డు. జనం హాహాకారాలు. నాకు నవ్వొచ్చింది. దోహాలో ఇసక గాలిలో కళ్ళు మూసుకుని కారు నడిపేవాడికి బూడిదొక లెక్కా? ఒక్కడు నా చొక్కా చెంగు పట్టుకోమన్నాను. వాడి చెంగు ఇంకోడు. అలా ఊరంతా ఒకే వరస. ముందు నేను. కొత్త ఊరు, చదవడం రాని బోర్డులు, కానరాని దారి. ఒక్కొక్కణ్ణీ వాడి ఇంటి గుమ్మంలో దింపేను. ఏ ఇల్లు ఎవరిదో వాళ్ళకే తెలీలేదు, నాకు తెలిసింది. దారి తప్పడమనేది, అమ్మడూ, ఆగిపోయినవాడికే. నడిచేవాడికి లేదు."

ఆ చివరి మాట వాడు నడక ఆపి, దాని ఎదురుగా నిలబడి చెప్పాడు. అప్పుడు నాకు తట్టింది. ఇందాకట్నించి వాడు చెబుతున్నది మాకు కాదని. భాష రాదంటే తోడొచ్చే మనుషులు, బోర్డులంటే చిలగడదుంప వాసన, తిండంటే పులుసు, దారంటే చొక్కా చెంగు. దేవకుమారికి ఏ భయం ఉందో ఆ భయానికల్లా వాడి దగ్గర ఒక కోత తయారుగా ఉంది.

రాజనర్సుకి అదేం పట్టలేదు. మరి గుట్ట ఏమైందన్నా, గట్లనే మండుతున్నదా అని అడిగాడు.

"గంగాళంలో అడుగున మిగిలిన పులుసు ఉంది. దాన్ని పడవెక్కించేను. కొండ దగ్గరికెళ్ళి, పైకెక్కి, నోట్లో పోసేను. ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టింది. ఇటు దొర్లింది, అటు దొర్లింది, ఊరుకుంది. మీ పిన్ని చింతపండు అది, మామూలుదా."

"అన్నా, గుట్టకు ఎక్కిళ్ళొస్తే నీళ్ళు తాగిచ్చినవా?"

"సముద్రం పక్కనే గదరా, అదే తాగింది," అన్నాడు జీవరత్నం. పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టి, మడిచిన చేతులు మెల్లిగా కిందికి దించుకున్నాడు. కథ ఒడ్డుకొస్తోందని దానికి గుర్తు. "చివరికి ఆ ఊరి చైర్మన్‌గారు వచ్చేరు. ఊరి బంగారు తాళంచెవి ఇస్తానన్నారు. నా గదికి తాళమే లేదు, చెవి ఏం చేసుకుంటానని వద్దన్నాను. అయితే నీ పేరున ఏదో ఒకటి చెయ్యాలన్నారు. అప్పుడు ఆర్డరు వేసేరు. ఇవాళ్టి నుంచి ప్రతి శుక్రవారం, ఎలాగూ సెలవు రోజు, అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు గనక, కగోషిమా ఊరు ఊరంతా చేత్తోనే అన్నం తినాలని."

గదిలో కాసేపు నవ్వులు. అవి తగ్గాక దేవకుమారి గ్లాసు కింద పెట్టింది.

"బాబాయ్, అక్కడ శుక్రవారం డ్యూటీ."

జీవరత్నం దించుకున్న చొక్కా చెయ్యి మళ్ళీ మడవబోయాడు.

"మేడం వాళ్ళ నాన్నగారు శుక్రవారం ఫోనుకి దొరకరు. ఆఫీసు. ఇక్కడ మనకి సెలవని మేడం శుక్రవారం పొద్దున ఫోను చేస్తుంది, వాళ్ళమ్మగారు ఒక్కరే ఎత్తుతారు. నాన్నగారితో మాట్లాడాలంటే ఆదివారం దాకా ఆగాలి. సెలవు ఆదివారం. మన రాజోల్లో లాగే. మధ్యాహ్నం కొట్లు మూసి నాలుగింటికి తెరవడం కూడా ఇక్కడి ఎండకి ఇక్కడి పద్ధతి. మీరు ఆ ఊళ్ళో అడుగే పెట్టలేదు. ఇన్నేళ్ళు దోహాలో ఉండి, శుక్రవారాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుని జపాను పట్టుకెళ్ళిపోయారు."

రాజనర్సు తొడ మీద కొట్టుకున్నాడు. "దొరికిండు. ముల్లంగిని మోసిండు, గుట్టను ఆర్పిండు, శుక్రారం కాడ పడ్డడు."

నాకు ఆశ్చర్యం వేరే. ఆదివారం తెల్లచీర కట్టుకుని కూర్చున్నదాన్ని నేను. శుక్రవారం సెలవు అని వాడు అన్నప్పుడల్లా నాకెందుకు తట్టలేదు? మాకెవరికీ తట్టలేదు. బూడిద సంచులకి నవ్వాం, ముల్లంగికి నవ్వాం, పన్నెండింటికి కొట్లు మూశారంటే మాత్రం నిజమే కామోసు అని తలూపాం. ఉన్నచోటు ఎలా ఉంటే లోకమంతా అలాగే ఉంటుందనుకుంటాం గదా. ఇన్నాళ్ళుంటే నా ఆదివారం కూడా ఎక్కడో జారిపోయినట్టుంది.

జీవరత్నం గొంతు సవరించుకుని, ఆ వారం ఏదో పండగొచ్చి శుక్రవారం సెలవిచ్చేరని మొదలెట్టబోయాడు. దేవకుమారి చెయ్యి ఎత్తి ఆపింది. అది నవ్వుతోంది. పదిహేను రోజులుగా ఆ మొహంలో నవ్వు చూడలేదు నేను.

"నిన్న మేడం నాతో ఏమందో తెలుసా బాబాయ్? మా ఆయన ఇంటికొచ్చి రోజూ ఒకటే మాట, డ్రైవరుకి ఏమైందో, కారెక్కిన దగ్గర్నించి మా ఊరి సంగతులే అడుగుతున్నాడంది. అన్నం దొరుకుద్దా, దారి తప్పితే ఎవర్నడగాలి, ఆడపిల్ల ఒక్కతే బజారెళ్ళొచ్చా అని. ఆయన చెప్పీ చెప్పీ, ఇంటి మీద బెంగపెట్టుకున్నాడంది."

జీవరత్నం కిటికీ వైపు తిరిగాడు. బయట నవంబరు ఎండ మెత్తగా ఉంది.

దేవకుమారే అడిగింది. "ఇంతకీ ఆ ముల్లంగి కూడా అబద్ధమేనా?"

"సారు చెప్పేరు. నేను చూడలేదు," అన్నాడు ఇటు తిరక్కుండానే. "నువ్వెళ్ళి చూసి చెప్పు."

అది లేచి చెంగు దోపుకుంది. గ్లాసులన్నీ తీసుకెళ్ళి కడిగింది. వచ్చి, బాబాయ్ ఇవాళ కారు వద్దు, అల్ హిలాల్‌కి నడిచి వెళ్తాను అంది. రేపు మేడంకి చెప్పాల్సిన మాట మాకు అప్పుడే తెలిసిపోయింది.

ఒక్కదాన్నే పంపడం ఎందుకని అందరం దిగాం. నేను పిల్లాణ్ణెత్తుకుని, తెరెసా, రాజనర్సు, వరసగా. నాలుగు దాటింది, నజ్మా కొట్లు అప్పుడే షట్టర్లు ఎత్తుతున్నాయి. జీవరత్నం ముందు నడిచాడు. రెండు మలుపులు తిరిగి ఆగిపోయాడు. కారు వెళ్ళే దారి వేరు, కాళ్ళు వెళ్ళే దారి వేరు అన్నాడు. రాజనర్సు వెనకనుంచి, ఊరంతటినీ ఇంటికి చేర్చినవు గదన్నా అని గుర్తుచేశాడు. దేవకుమారి ఒక పరాఠా కొట్టు వాసన పట్టుకుని, ఇది కారులోంచి రోజూ వచ్చే వాసనేనండీ మామ్మగారూ అని ఎడమకి తిరిగింది. మేం దాని వెనక తిరిగాం. రాజనర్సు జీవరత్నం చొక్కా చెంగు పట్టుకున్నాడు. ఇంటి గుమ్మందాకా వదల్లేదు.

ఎండలు ముదరక ముందే దేవకుమారి తిరిగొచ్చింది, మేడంతో, పెద్దపిల్లతో, కొత్తగా పుట్టిన పిల్లాడితో. తర్వాతి శుక్రవారం మా గదికి నడిచే వచ్చింది. వంగి దణ్ణాలు పెట్టుకుంటారంది. దారి అడిగితే తోడొస్తారంది. గొడుగులేసుకుని బూడిదలో నడిచిందట, వీధి చివర పసుపుపచ్చ సంచులు తనే పెట్టిందట. రాజనర్సు నోరు తెరిచి విని, పిల్ల కూడా చెడిపోయింది అవ్వా, బాబాయి గాలి తగిలింది అన్నాడు. అది మాట్లాడకుండా సంచీలోంచి ఒక ఫోటో తీసి వాడి చేతిలో పెట్టింది. ఫోటోలో దేవకుమారి, కప్పున్న వీధిలో, రెండు చేతులా ఏదో ఎత్తుకుని వెనక్కి వాలిపోయి ఉంది. తెల్లగా, గుండ్రంగా, బొద్దుగా. నెత్తిన ఆకులు.

రాజనర్సు చాలాసేపు చూశాడు. ఫోటో తిప్పి వెనక కూడా చూశాడు. తెరెసాకిచ్చాడు, తెరెసా నాకిచ్చింది, నేను జీవరత్నానికిచ్చాను. మా నవ్వులన్నీ వాడికి బాకీ పడ్డట్టు అందరం వాడి మొహమే చూస్తున్నాం. వాడు ఫోటోని కళ్ళకి దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. కుడిచెయ్యి మడిచాడు.

"ఇది పిందె పిన్నిగారూ. నేను చూసింది దీనికి మూడింతలుంటుంది."

దేవకుమారి ఫోటో వెనక్కి తీసుకుంది.

"ఏ రోజు చూశారు బాబాయ్," అంది, "శుక్రవారమేనా?"